హనుమవ్వ బిందె

“చింతపండుతో తోమితే చాలదా హైమా? ఆ పొడులెందుకు?”

“మచ్చలు పోవట్లేదత్తయ్యా. ఇట్టాంటి బిందెతో ఫొటో దిగుతారా?”

“యాభై ఏళ్ళ నించీ చింతపండుతోనే తోముతున్నా.”

“అందుకే ఇట్టా ఉంది.”

నేను ఒక ఇత్తడి బిందెను. తగవు నా గురించే. పెరట్లో కుళాయి దగ్గర నన్ను బోర్లించి, అత్తాకోడళ్ళు పావుగంట వాదించుకుని, చివరికి ముందు చింతపండుతోనూ తర్వాత పొడితోనూ తోమారు. మనుషుల రాజీలు ఇలాగే ఉంటాయి. ఇద్దరికీ తృప్తి ఉండదు, మధ్యనున్నదానికి రెండుసార్లు ఒళ్ళు అరుగుతుంది. తళతళలాడుతూ ఎండలో ఆరుతున్నంతసేపూ నాకు సిగ్గుగానే ఉంది.

ఆ ఫొటో సంగతి చెప్పాలి. తుంగభద్ర ఎడమ కాలువ కింద పున్నయ్య క్యాంపు అనే ఈ వలస ఊరు వెలిసి యాభై ఏళ్ళయింది. కృష్ణా జిల్లా నుంచి రాయచూరు వైపు వచ్చి, నల్లరేగడిలో తుమ్మలు నరికి పొలాలు చేసుకున్న కుటుంబాల చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. క్యాంపుకు పేరైన పున్నయ్య ఇప్పుడు లేడు. ఆయన భార్య నాంచారమ్మ ఉంది, నన్ను చింతపండుతో తోమినావిడే. ఇంటి చరిత్ర రాసే పని ఆమె మనవరాలు లిఖిత తీసుకుంది. మొదటి వాక్యం అప్పుడే రాసేసింది: “పంతొమ్మిదేళ్ళ మా మామ్మ ఈ ఇత్తడి బిందెను చంకన పెట్టుకుని, ఎడ్లబండి వెనక నడుస్తూ ఈ బీడుకు వచ్చింది.”

బండి నిజం. బీడు నిజం. ఆమె చంకన ఉన్నది మాత్రం నేను కాదు.

నేను ఈ ప్రాంతం దాన్నే. ఒక జాతరలో హనుమవ్వ తండ్రి నన్ను వేలితో నాలుగుసార్లు కొట్టి, మోగిన తీరు విని, కూతురి పెళ్ళికని కొన్నాడు. ఆమెతో అత్తవారింటికి వచ్చాను. రోజూ రెండు మైళ్ళు ఆమె తలమీద ప్రయాణం. ఒకసారి బావి గట్టుకు తగిలి మెడ దగ్గర చిన్న సొట్ట పడింది. నన్ను ఎత్తుకునేటప్పుడు ఆమె బొటనవేలు సరిగ్గా అందులో కూర్చునేది.

నాంచారమ్మ తెచ్చినవి మట్టికుండలు. గడ్డిలో పొదిగినా దారిలో అన్నీ పగిలాయి. మొదటి ఎండాకాలం, కాలువ తవ్వకం ఇంకా అటు రాలేదు. ఆరు నెలల గర్భిణి బండి నీడలో పెదవులు ఎండి కూర్చుని ఉంటే, పక్క చేలోంచి హనుమవ్వ వచ్చి నన్ను దించింది. “తగో అక్కా,” అని తీసుకోమంది. నాంచారమ్మకు కన్నడం రాదు. దాహానికి భాష అక్కర్లేదు కనుక తాగింది. ఆ రోజు నుంచి హనుమవ్వ తన ఇంటికి నీళ్ళు మట్టికుండతో మోసుకుని, నన్ను నాంచారమ్మ దగ్గరే ఉంచేసింది.

మరి ఎందుకు తిరిగి ఇవ్వలేదంటారా? అదొక మర్యాద. ఈ ఇంటివాళ్ళు పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపరు. నాలుగు గింజలో, బెల్లం ముక్కో వేసి పంపుతారు. “తొలి పంట రానీ, నిండా పోసి ఇస్తా,” అనేది నాంచారమ్మ. తొలి పంట ఎండిపోయింది. మలి పంట పందులు మేశాయి. నిండుగా ఇవ్వాలన్న పట్టుదలతో అసలు ఇవ్వకుండా ఉండటం మర్యాదస్తులకే సాధ్యం.

మూడో ఏడు పాత్రల మీద పేర్లు చెక్కేవాడు వచ్చాడు. నాంచారమ్మ లోపల పిల్లవాడికి పాలిస్తోంది. పున్నయ్య ఇంట్లో ఉన్న పాత్రలన్నీ వాడి ముందు పెట్టాడు. ఆమె బయటికి వచ్చేసరికి నా భుజం మీద ‘పున్నయ్య, నాంచారమ్మ’ అని చుక్కలు పడ్డాయి.

“అయ్యో, ఇది హనుమవ్వది కదయ్యా!”

“పేరు పడిపోయింది, ఏం చేస్తాం? వేరేది కొనిద్దాంలే.”

కొనలేదు. ఆ ఏడే వానల్లేక హనుమవ్వ కుటుంబం అయిదెకరాలు అమ్ముకుంది. పున్నయ్యే సొంతూళ్ళో మిగిలిన పొలం అమ్మి వాటిని కొని, భార్య పేర రాయించాడు. కాలువ ఎటు వస్తుందో ఆయనకు తెలుసు, వాళ్ళకు తెలియదు. మెట్ట ధరే ఇచ్చాడు. మరుసటి ఏడు నీళ్ళు వచ్చాయి.

నేను మరిచిపోలేనిది తర్వాతి నాట్లు. ఆ చేలోనే హనుమవ్వ కూలికి వచ్చింది. మధ్యాహ్నం గట్టు మీద నాంచారమ్మ నన్ను వంచి, వరసగా కూలీల దోసిళ్ళలో నీళ్ళు పోస్తోంది. హనుమవ్వ వంతు వచ్చింది. తన బిందె కింద తాను వంగి దోసిలి పట్టింది. ఆమెకు చదువు రాదు, కానీ సొట్ట తెలుసు. దాన్నొకసారి చూసింది. తాగింది. మూతి తుడుచుకుని, చాలని చెయ్యి ఊపి, నాటు వరసలోకి వెళ్ళిపోయింది. నాంచారమ్మ నన్ను వంచింది వంచినట్టే పట్టుకుంది, మిగిలిన నీళ్ళు తన పాదాల మీదే ఒలికాయి.

ఆ తర్వాత నన్ను పొలానికి తీసుకెళ్ళలేదు. దేవుడి గదిలో పసుపు రాసి పెట్టారు. పిల్లలు అడిగితే నాంచారమ్మ ఊరుకునేది. ఆ ఊరుకోవడంలోంచి కొడుకు మోహన్, నన్ను అమ్మే చంకన పెట్టుకుని తెచ్చిందని ఒక కథ అల్లాడు. అందరూ నమ్మారు. నమస్కారం పెట్టించుకున్న దొంగసొత్తును నేను. హనుమవ్వ కాలువ అవతల ఊళ్ళో ఇంకా ఉంది.

ఫొటో అయ్యాక అంతా భోజనాలకు కూర్చున్నారు. లిఖిత రాసింది చదివి వినిపించింది.

“అదిరింది. ఒక్క ముక్క మార్చొద్దు,” అన్నాడు మోహన్.

నాంచారమ్మ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. “ఆ బిందె మాట కొట్టెయ్యవే. అది నేను తెచ్చింది కాదు,” అని మొదలుపెట్టి, దాహం నుంచి దోసిలి దాకా చెప్పింది. పప్పు గరిటె పట్టుకుని హైమ అలాగే నిలబడిపోయింది.

“ఇప్పుడివన్నీ ఎందుకమ్మా? క్యాంపంతా నవ్వుద్ది. నాన్న పేరేం కావాలి?”

“నా పేరు కూడా ఉందిగా దాని మీద.”

హైమ మెల్లగా అంది: “పోనీ అత్తయ్యా, నిండా బియ్యం పోసి, మంచి చీర పెట్టి ఇచ్చొద్దాం. గౌరవంగా ఉంటుంది.”

“వద్దు. నింపితే నేనేదో పెట్టినట్టుంటది. ఖాళీగానే తీసుకెళ్తా. తిడితే పడతా. లిఖితా, రేపు నువ్వు నాతో రా. ఆవిడేమంటే అది రాద్దువుగాని.”

మోహన్ మజ్జిగ పోసుకోకుండానే లేవబోయాడు.

“కూర్చో నాయనా, ఇంకా అవలేదు,” అంది నాంచారమ్మ. “కాలవ పక్క అయిదెకరాలు నా పేరునే ఉన్నాయి. ఆవిడ ఆ మాటెత్తితే, నేను కాదనను.”