వైకుంఠాన్ని ఎందుకు కూర్చోబెట్టినట్టు

కృష్ణమ్మ రెండో బర్రెను పిండుతుండగా ఎదురింటి సత్తెమ్మ చెంబు పట్టుకుని దొడ్లోకి వచ్చింది. పాలకు వచ్చిన మనిషి చెంబు చాపకుండా గుంజకు ఆనుకుని నిలబడింది.

"ఎరికైందా కిష్ణమ్మా? మీ ఆయన టీమ్ ఓడిపోయిందట. మూడు గోల్స్ పడ్డయట."

కృష్ణమ్మ చేతులు ఆగిపోయాయి. బర్రె తల తిప్పి చూసింది.

"ఎవలు చెప్పిన్రు?"

"మా పెద్దోడు ఆట చూసే వస్తుండు. అసలు ఆటగాండ్లు ఏడుగురిని గట్టు మీద కూసోవెట్టి, మీసం మొలవని పోరగాండ్లను దింపిండట మీ ఆయన. జనం ఒకటే లొల్లి. మట్టిగడ్డలు గూడ ఇసిరిన్రట." సత్తెమ్మ గొంతు తగ్గించింది. "అవ్ గని, మొన్న దబీర్‌పురా గుండయ్య మీ ఇంటికి ఏం పని మీద వచ్చిండే?"

"ఏమో వదినె, మగోళ్ల ముచ్చట్లు నాకేమెరుక" అని కృష్ణమ్మ చెంబు లాక్కుని నురగ దిగకముందే పాలు పోసి ఇచ్చేసింది. ఇంకో మాట మాట్లాడితే తన గొంతే తనను పట్టిస్తుందని భయపడింది.

గుండయ్య వచ్చిన మాట నిజమే. దబీర్‌పురా స్టార్స్ జట్టుకు అతను సెక్రటరీ. పొద్దున్నే వచ్చి, లోపలికి రమ్మంటే రాకుండా, బాబురావును దొడ్డి వెనక్కి తీసుకుపోయి గుసగుసలాడాడు. కృష్ణమ్మ చాయ్ తీసుకుపోయేసరికి ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. గుండయ్య ఆ చాయ్ ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు. అప్పుడామె దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు ఆ రెండు ముఖాలూ కళ్ల ముందు మెదిలాయి.

బాబురావు సర్కారీ వర్క్‌షాపులో ఫిట్టర్. వయసులో ఉన్నప్పుడు వర్క్‌షాపు ఫుట్‌బాల్ జట్టుకు ఆడి, మోకాలు దెబ్బతిన్నాక ఆ జట్టుకే కోచ్ అయ్యాడు. ఎవరు ఆడాలో, ఎవరు గట్టు మీద కూర్చోవాలో అతని మాటే చెల్లేది. గౌలిపుర గల్లీలన్నింటికీ అతను కోచ్ సాబ్.

ఆ ఏడు లీగులో స్టార్స్‌తో ఆడే చివరి ఆట గెలిచినా ఓడినా వర్క్‌షాపు జట్టుకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు. కాని ఆ ఆట మీద వేరే రెండు జట్ల ప్రాణం ఆధారపడి ఉంది. స్టార్స్ గెలిస్తే మొదటి డివిజన్‌లో నిలబడుతుంది, మొఘల్‌పురా నూనెమిల్లు జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది. స్టార్స్ గెలవకపోతే మిల్లు జట్టు బతుకుతుంది. ఆ మిల్లు జట్టులోనే కృష్ణమ్మ తమ్ముడు అంజన్న ఆడుతున్నాడు.

అంజన్నకు బంతి తన్నడం నేర్పింది బాబురావే. తల్లి లేని పిల్లవాడు, అక్క పెళ్లితో పాటే ఈ ఇంటికొచ్చాడు. పొద్దున బర్రెలను కడిగేవాడు, సాయంత్రం బావ సైకిల్ వెనక ఎక్కి మైదానానికి పోయేవాడు. పెద్దయ్యాక వర్క్‌షాపు జట్టులోనే పేరు తెచ్చుకున్నాడు గాని అక్కడ నౌకరీ మాత్రం దొరకలేదు. నూనెమిల్లు సేఠ్ వెంకటనారాయణ, నా టీముకు ఆడితే మిల్లులో పనిస్తానని పిలిచాడు. రెండేళ్ల కింద అంజన్న బావకు ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిపోయాడు. ఆ సంగతి బాబురావు పరాయివాళ్ల నోట విన్నాడు. ఆనాటి నుంచి బామ్మర్ది పేరు ఎత్తలేదు. పండుగకు అంజన్న వస్తే చొక్కా తొడుక్కుని బయటికి పోయేవాడు.

బాబురావు పొద్దు గూకే వేళకు ఇల్లు చేరాడు. చొక్కా వీపు మీద మట్టి మరక ఉంది. కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంటే కృష్ణమ్మ జొన్నరొట్టె పెట్టింది.

"ఏడుగురిని కూసోవెట్టినవట."

"ఐతారం నాడు కప్పు ఫైనల్ ఉన్నది. సికింద్రాబాద్ ఫౌజోళ్లతోని. వాళ్లు గుర్రాల లెక్క ఉరుకుతరు. మనోళ్ల కాళ్లు అరిగిపోయినయ్. రెస్ట్ ఇచ్చిన."

"మా అంజన్న సంగతి నీకెరుకే గద."

"నీ తమ్ముని టీమును బచాయించుడు నా నౌకరా? పదకొండు మంది ఎవలనేది కోచ్ ఇష్టం. ఫైనల్ ఓడిపోతె గీ జనమే నా గల్ల వడుతరు. అప్పుడు మిల్లోళ్లొచ్చి అడ్డం నిలవడుతరా?"

మాటలో తప్పు లేదు. కాని ఆ మాటలన్నీ అతను రొట్టెతో చెప్పాడు. ఒక్కసారి కూడా తలెత్తి భార్య ముఖం చూడలేదు. కృష్ణమ్మ మనసులో ముల్లు దిగింది అప్పుడే.

మర్నాడు పాలు పోయడానికి పోతే ప్రతి గుమ్మం దగ్గరా అదే ముచ్చట. బజారు మూల మీది మాణిక్యమ్మ అయితే మొహం మీదే అనేసింది. "పాలల్ల నీళ్లు గలిపితె మీటర్ వెట్టి పట్టుకుంటరు. టీముల నీళ్లు గలిపితె అడిగెటోడే లేడు. గుండయ్య గట్టిగనే ముట్టజెప్పి ఉంటడు." కృష్ణమ్మ తల వంచుకుని వచ్చేసింది. ఎన్నడూ ఒకరి చేత మాట పడని మనిషి.

మధ్యాహ్నం అంజన్న వచ్చాడు. గడప దాటలేదు. ఆ రోజు వర్క్‌షాపుకు సెలవని బాబురావు ఇంట్లోనే ఉన్నాడు.

"సేఠ్ టీము ఎత్తేసిండు బావా. కిందికి వడ్డ టీము నాకెందుకన్నడు. ఆటగాండ్లను రేపటిసంది పనిలకు రావద్దన్నడు. సంబురమేనా?"

"నీ సేఠ్‌ను అడుగు. నన్నేం అడుగుతవ్?" బాబురావు లోపలి నుంచే అన్నాడు. "సీజన్ మొత్తం మీరు ఆడిన ఆటలు మీవే గద. అవన్ని ఓడుకుంట వచ్చి, ఆఖరికి నా ఒక్క ఆట మీద ఏడుస్తరా?"

"నీ అసలు టీము ఆడి ఓడిపోతె, మా నసీబ్ గింతే అనుకుందుము. పోరగాండ్లను దింపి చేతులు కట్టుకుని చూసినవ్. నా మీద కోపముంటె నన్ను కొట్టు బావా, పడుత. నాతోని ఆడిన పదిమంది ఏం జేసిన్రు నీకు?"

గల్లీలో జనం గుమిగూడారు. బాబురావు లేచి వచ్చి తలుపు మూశాడు. కృష్ణమ్మ తలుపు తీసుకుని బయటికి పరుగెత్తేసరికి తమ్ముడు మూల తిరిగి వెళ్లిపోయాడు.

భర్త లంచం తిన్నాడంటే ఆమె నమ్మలేదు. కాని గుండయ్య ఎందుకొచ్చాడు? తను రాగానే మాటలు ఎందుకు ఆగిపోయాయి? శనివారం ఒక డబ్బాలో నెయ్యి పోసుకుని, గుండయ్య భార్య నాగమణమ్మకు ఇచ్చి వస్తానని చెప్పి దబీర్‌పురా స్టేషన్ వెనకాల ఉన్న వాళ్ల ఇంటికి నడిచింది.

గుండయ్య వసారాలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"రా చెల్లె. ఎందుకొచ్చినవో ఎరుకైంది."

"మరి చెప్పు అన్నా. నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు."

గుండయ్య కత్తి పక్కన పెట్టాడు. "అడిగిన మాట నిజమే. మా టీము మునుగుతుంది, జర ఢీలాగ ఆడండ్రి అని కాళ్లు వట్టుకున్నంత పని జేసిన. మీ ఆయన ఏమన్నడో తెలుసా? ఇంకోపాలి గీ మాటంటె దొడ్ల కట్టేస్త అన్నడు. ఇంక నీ చాయ్ ఏ మొఖం వెట్టుకుని తాగాలె? గట్లనే లేచొచ్చిన."

"మరి ఏడుగురిని కూసోవెట్టిండు గద."

"గదే నాకు గూడ సమజ్ అయితలేదు. మైదానంల ఆ పోరగాండ్లను చూసి, ఇదేంది, దేవుడే దిగొచ్చిండా అనుకున్న." గుండయ్య చెంపకున్న సబ్బు తుడుచుకున్నాడు. "ఆరుగురిని ఫైనల్ కోసం దాచుకున్నడు, సరే. వైకుంఠాన్ని ఎందుకు కూసోవెట్టినట్టు? కప్పు సెమీఫైనల్‌ల రెఫరీ ఆయనను బయటికి పంపిండు. ఫైనల్ ఆడెతందుకు లేదు. ఆడని మనిషికి రెస్ట్ ఎందుకు? ఆయన గోలు ముంగట బ్యాక్‌ల నిలవడితె మావోళ్లు బంతి దాటించెటోళ్లే కాదు."

తిరిగి వచ్చేదారిలో కృష్ణమ్మకు ఎండ తెలియలేదు, రిక్షావాళ్ల కేకలు వినబడలేదు. గుండయ్య మాట నమ్మాలా? ఢీలాగా ఆడమని బతిమిలాడిన మనిషికి అబద్ధమాడటం ఒక లెక్కా? కాని వైకుంఠం సంగతి అబద్ధం కాదు. ఫైనల్‌కు వైకుంఠం లేడని బాబురావే వారం కింద ఇంట్లో తల పట్టుకున్నాడు. డబ్బు ముట్టలేదంటే మనసు కుదుటపడాలి. పడలేదు. ఆ స్థానంలో అంతకంటే పాడు అనుమానం వచ్చి కూర్చుంది.

ఆదివారం ఆమె మొదటిసారి మైదానానికి పోయింది. సత్తెమ్మను వెంట తీసుకుని ఆడవాళ్లు కూర్చునే మూలన నిలబడింది. ఫౌజీ జట్టు నిజంగానే గుర్రాల్లా పరుగెత్తింది. మొదటి సగమంతా బంతి వర్క్‌షాపు గోలు ముందే ఆడింది. రెండో సగం నడుస్తుండగా ఫౌజీలకు ఆయాసం మొదలైంది. వర్క్‌షాపువాళ్లు మాత్రం అప్పుడే దిగినంత చలాకీగా ఉన్నారు. చివరికి ఒక కార్నర్ నుంచి తలతో కొట్టిన బంతి లోపలికి పోయింది. మైదానం అదిరిపోయింది.

అంతకు ముందు గడ్డలు విసిరిన చేతులే బాబురావును భుజాల మీదికెత్తాయి. "దిమాగ్ అంటే కోచ్ సాబ్‌దే! రెస్ట్ ఇచ్చి కప్పు గొట్టిండు" అని అరిచారు. మాణిక్యమ్మ గౌలిపుర మొగదల్లోనే ఎదురొచ్చి కృష్ణమ్మ చేయి పట్టుకుని, "నేనప్పుడే అనలే, మీ ఆయన తెలివి మీ ఆయనకున్నదని" అంది. ఒక్క గోలుతో గల్లీ అనుమానమంతా కడుక్కుపోయింది. కృష్ణమ్మ అనుమానం మాత్రం అలాగే ఉంది.

వచ్చినవాళ్లంతా వెళ్లాక బాబురావు మెడలో దండలు తీసి కొక్కేనికి తగిలించాడు. ముఖంలో వెలుగు ఉంది.

"వైకుంఠాన్ని ఎందుకు కూసోవెట్టినవ్?" అంది కృష్ణమ్మ.

అతని చేయి కొక్కెం దగ్గరే ఆగింది. ఆమె కోపంగా అడగలేదు. కోపంగా అడిగితే అతను కోపంతోనే తప్పించుకునేవాడు.

"ఆయన ఫైనల్ ఆడేది లేకుండె. కాళ్లు మంచిగనే ఉన్నయ్. మరెందుకు?"

బాబురావు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. దొడ్లో బర్రె గొలుసు చప్పుడు ఒక్కటే వినిపించింది.

"ఆరుగురిని కప్పు కోసమే ఆపిన," అన్నాడు చివరికి. "దాంట్ల దగా లేదు. ఏ కోచ్‌ను అడిగినా గదే చేస్తడు, చెయ్యాలె గూడ. ఏడో పేరు కాడికొచ్చెటాలకు... అంజన్న మొఖం మెదిలింది. చెప్పకుండ పోయిండు గద, ఆ దినం. వైకుంఠం, నువ్వు గూడ కూసో అన్న. నోట్లె నుంచి గట్లనే వచ్చింది. వైకుంఠం గూడ అడగలే. కోచ్ చెప్పినంక ఎవలడుగుతరు?"

కృష్ణమ్మకు ఏడుపు రాలేదు. ఇన్ని దినాలు భయపడిన మాట చెవిన పడ్డాక ఒళ్లంతా బరువైపోయింది. గుండయ్యను దొడ్లో కట్టేస్తానన్న మనిషే ఇతను. ఒక మాటకు లొంగని నిజాయితీ, ఒక కోపానికి లొంగింది.

"గా మాట నాకు గాదు, వానికి చెప్పు," అంది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మొఘల్‌పురాకు నడిచిపోయారు. దారిలో రెండుసార్లు ఎవరో ఆపి కప్పు గురించి అభినందిస్తే బాబురావు తలూపి ముందుకు నడిచాడు. అంజన్న అద్దెగది ముందు అతని భార్య రాజమణి బియ్యం చెరుగుతోంది. ఆడబిడ్డను చూసి లేచింది. వెనక నిలబడిన మనిషిని చూసి చేట అక్కడే వదిలి లోపలికి పరుగెత్తింది.

బాబురావు కూర్చోలేదు. ఆరుగురి సంగతీ, ఏడోవాడి సంగతీ రాత్రి చెప్పినట్టే చెప్పాడు. ఏదీ చిన్నది చేసి చెప్పలేదు. అంజన్న మంచం మీద కూర్చుని నేలను చూస్తూ విన్నాడు.

"వైకుంఠం ఒక్కడు ఆడితె ఆ మూడు గోల్స్ ఆగుతుండెనా బావా?"

"ఎరుక లేదు. ఆగకపోవచ్చు. ఇంక ఎన్నటికి ఎరుక కాదు."

"అక్క చెప్పుమంటె వచ్చినవా?"

"ఆమెనే చెప్పుమన్నది. కాళ్లు నావే."

అంజన్న మొదటిసారి తలెత్తాడు. "చెప్పకుండ పోవుడు నా తప్పే. నీ ముంగటికొచ్చి చెప్పే దమ్ము లేకుండె నాకు. గని ఇంక నేను నీ కింద ఆడ బావా. వర్క్‌షాపుల మాట్లాడుత, నౌకరి ఇప్పిస్త అని గిట్ల ఏమనకు."

అదే మాట అనబోయి వచ్చిన బాబురావు నోరు మూసుకున్నాడు. రాజమణి చాయ్ తెచ్చింది. నలుగురూ తాగారు. కృష్ణమ్మ తమ్ముడి ముఖం వైపు చూసింది. క్షమించినట్టూ లేదు, తరిమేసినట్టూ లేదు. కూర్చోమని మంచం మీద కొంచెం జరిగాడు, అంతే.

పనీ, జట్టూ రెండూ ఎవరూ ఊహించని చోట దొరికాయి. గుండయ్యే అంజన్నను పిలిచి దబీర్‌పురా స్టేషన్ గూడ్స్ షెడ్డులో మూటల పనికి పెట్టించి, స్టార్స్‌లో చేర్చుకున్నాడు. తనను కిందికి తోసిన జట్టులో ఆడటమేమిటని మిల్లు స్నేహితులు కొందరు అంజన్నతో మాట్లాడటం మానేశారు.

ఇక ముందు ప్రతి ఆటకూ పూర్తి జట్టును దింపి తీరాలని రూలు పెట్టాలంటూ కొన్ని క్లబ్బులు పెద్ద లొల్లి చేశాయి. లీగు మీటింగులో బాబురావును అభిప్రాయం అడిగారట. "రూల్ వెడితె కాలు నొప్పి అని చెప్పి ఆపుతరు. టీము కోచ్ చేతులనే ఉండాలె. గని ఎందుకు ఆపిండో అందరి ముంగట చెప్పాలె," అన్నాడట. చాలామంది నవ్వారని సత్తెమ్మ పెద్దకొడుకు వచ్చి చెప్పాడు. రూలు రాలేదు. బాబురావు మాత్రం అప్పటి నుంచి ఎవరినైనా కూర్చోబెడితే కారణం ఆటగాళ్లందరి ఎదుటా చెప్పేవాడు.

ఆట ముందు రోజు అన్నం తింటూ కృష్ణమ్మకూ చెప్పేవాడు, అడగకపోయినా. ఆమె వింటూ మాటల కంటే అతని కళ్లనే ఎక్కువ చూసేది. నమ్మేదా అంటే, చాలావరకు నమ్మేది.