ఎనభై మార్కులు

మూడేళ్ల ఇరమ్ కుడికంట్లో ఉన్నది క్యాన్సరని మొదట పసిగట్టింది మదనపల్లె డాక్టరు. కుప్పంలో ఆపరేషన్ చేసి కన్ను తీసేశారు. తీసిన కన్ను ల్యాబుకు పోయింది.

రిపోర్టు కోసం కుప్పం వెళ్లిన రోజు అక్కడి డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు. సాయంత్రం దాకా ఉండి కలవమన్నారు. ఇరమ్ తండ్రి మహబూబ్ బాషా పుంగనూరులో పరుపులు కుడతాడు. మర్నాడు ఇవ్వాల్సిన పెళ్లి పరుపులున్నాయని కాగితం తీసుకుని బస్సెక్కేశాడు. ఇంటి దగ్గర బావమరిది రఫీ కూడబలుక్కుని చదివాడు. ఇంగ్లీషులో ఏదో మార్కర్ అని, పక్కన ఎనభై శాతం అని ఉంది.

"నూటికి ఎనభై మార్కులొచ్చినాయి," అన్నాడు బాషా. వీధిలో అందరికీ అదే చెప్పాడు. కుప్పం నుంచి ఫోన్లొస్తే, మళ్లీ కోయాలంటారేమోనని ఎత్తలేదు. పిల్ల దూదికుప్పల్లో ఆడుకుంటోంది. తల్లి మైమూన్ బీ మాత్రం కట్టు మార్చినప్పుడల్లా కంటిగుంట అంచు తడిమి చూసేది. ఒకచోట గట్టిగా తగులుతోంది. మొగుడికి చెబితే పుండు మానుతోందిలే అన్నాడు.

మూడు వారాలకు వీణ వచ్చింది. కుప్పం ల్యాబులో పనిచేసే అమ్మాయి. సదుంలోని పుట్టింటికి పోతూ, డాక్టరు కనుక్కోమంటే దారిలో దిగింది. ఇరమ్ కంటి ముక్కకు రంగు పట్టించి మైక్రోస్కోపులో కణాలు లెక్కపెట్టింది ఆమే. బాషా టీ తెప్పించి, ఎనభై సంగతి సంతోషంగా ఎత్తాడు.

వీణ గ్లాసు కింద పెట్టింది. "అవి మార్కులు కాదప్పా. నూరు కణాల్లో ఎనభై పెరగతానే ఉండాయని. ఎంత ఎక్కువుంటే అంత చెడ్డ. కంటి నుంచి మెదడుకు పోయే నరం కోసిన కొసన కూడా ఉండాయి."

"కన్నే తీసేసినారు గదమ్మా. ఇంక యాడ పెరుగుతాయి?"

మైమూన్ బీ పిల్లను ఒళ్లోకి తీసుకుని కట్టు విప్పింది. "ఈడ సూడమ్మా," అంది. వీణ వేలితో తాకి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రేపు గాదు. ఇప్పుడే పోండి."

మధ్యాహ్నం బస్సుకే కుప్పం బయల్దేరారు. స్కానులో గుంట వెనక గడ్డ కనిపించింది. మర్నాడే మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ రోజే ఆగి మిమ్మల్ని కలిసుంటే ఏమయ్యేదని బాషా అడిగితే, అది ఇప్పుడు ఆలోచించొద్దన్నాడు డాక్టరు.

ఆసుపత్రి దగ్గరే గది తీసుకున్నారు. పిల్లకు జుట్టు రాలింది. గడ్డ కొంచెం తగ్గింది. మూడో విడత మందు నాటికి ఇరమ్ అడుగులు తడబడి గోడ పట్టుకుని నడవసాగింది. ఎడమ కన్ను బాగానే ఉంది కదా అని మైమూన్ బీ అడిగింది. డాక్టరు పరీక్ష చేసి, బాగానే ఉందన్నాడు. నరం వెంట మెదడులోకి పాకిందేమో చూడాలని తలకు స్కాను రాశాడు.