ఆదివారపు హారన్

ఆ రోజు పెద్దన్నయ్య రాకముందే నేను చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకున్నాను. సీసాలో నీళ్ళు నింపాను, కొంచెం తాగి మళ్ళీ నింపాను. కిటికీ తలుపు వేశానో లేదో చూడటానికి లోపలికి వెళ్ళి, ఎందుకు వెళ్ళానో మరిచిపోయి తిరిగొచ్చాను. ఆయనకు ఒక మాట చెప్పాలి. ఆ పని తమ్ముడు నా నెత్తిన పెట్టాడు.

"నువ్వే చెప్పాలి చిన్నన్నయ్యా," అన్నాడు ముందురోజు ఫోన్లో. "నేను చెబితే తంతాడు. నువ్వైతే జాలిపడి ఊరుకుంటాడు."

"ఏమని చెప్పను?"

"ఇక బండి ముట్టుకోవద్దని."

తమ్ముడికి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. పెద్దన్నయ్య ఆ దుకాణం గుమ్మం తొక్కడం మానేసి చాలా కాలమైంది. ఈమధ్య ఆయన ముక్కు మీద కొత్త జోడు కనిపించింది, ఎక్కడో కొనుక్కున్నాడు. అది చూసి తమ్ముడికి ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. అప్పట్నుంచి ఆయన్ని ఓ కంట కనిపెడుతున్నాడు.

"పక్క చూపు పోతోంది చిన్నన్నయ్యా. ఎదురుగా ఉంటే సూది బెజ్జం కూడా కనపడుతుంది. పక్కన ఏనుగు నిలబడ్డా కనపడదు. ఇది జోడు మారిస్తే పోయేది కాదు. మొన్న మా ఇంటికొచ్చి తలుపుకి భుజం కొట్టుకున్నాడు. పైగా మీ తలుపులు ఇరుకురా అని మమ్మల్నే తిట్టాడు."

పెద్దన్నయ్య ఉద్యోగమంతా బస్సు నడపడంలోనే గడిచింది. ఎన్ని ఊళ్ళ జనాన్ని దింపాడో ఆయనకే తెలియదు. అలాంటి మనిషికి ఈ మాట చెప్పడం ఒక కష్టం. దానికి మించిన కష్టం నాది, తమ్ముడికి తెలియనిది ఇంకొకటుంది.

మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి పెద్దన్నయ్య ప్రతి ఆదివారం పొద్దున్నే కారేసుకుని మా ఇంటికి వస్తున్నాడు. వీధి మలుపులోనే రెండుసార్లు హారన్ కొడతాడు. టీ తాగుతాడు, పేపరు తిరగేస్తాడు, కుళాయి కారుతోందని విసుక్కుంటాడు, వెళ్ళిపోతాడు. పరామర్శ మాట ఒక్కటీ ఆయన నోటి వెంట రాదు. నేను తెల్లవారకముందే మేలుకుని, పక్క మీద కదలకుండా ఆ హారన్ కోసం చూస్తుంటాను. వారంలో మిగతా రోజులు నేను లేస్తాను; ఆదివారం మాత్రం నన్ను ఒకరు లేపుతారు. ఆయన బండి మానేస్తే ఆ హారన్ ఉండదు.

మా ఇళ్ళు ఊరికి ఆ చివరొకటి, ఈ చివరొకటి. ఆయనకు బస్సులో కూర్చుని రావడమంటే చిరాకు. ఇంకొకడు నడుపుతుంటే తన కాళ్ళు ఊరుకోవంటాడు.

హారన్ మోగింది. తలుపు తాళం వేసి, లాగి చూసి, గేటు దాటాను. తమ్ముడు అప్పటికే వెనక సీటులో ఉన్నాడు. జుట్టంతా ఊడిపోయినా వాడు మాకింకా చిన్నోడే, వాడి చోటు వెనకే. కారెక్కితే వాడికి కడుపులో తిప్పుతుంది, అందుకని చేతిలో నిమ్మకాయ పట్టుకుని వాసన చూస్తుంటాడు.

"ఏరా నీళ్ళ డాక్టరూ, నిద్ర సరిపోయిందా?" అన్నాడు పెద్దన్నయ్య. నేను ఊరి మంచినీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. అందరికీ కెమిస్టుని, ఆయనకు మాత్రం నీళ్ళ డాక్టర్ని.

"సరిపోయిందన్నయ్యా," అని అబద్ధమాడి ముందు సీటులో కూర్చున్నాను.

ఏడాదికొకసారి మేం ముగ్గురం ఇలా ఒక రోజంతా ఎక్కడికైనా వెళ్ళొస్తాం. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిణ్ణి చూసే వంకతో ఒకచోట చేరేవాళ్ళం. ఆవిడ పోయాక మాకు కొత్త వంక కావలసి వచ్చింది. భార్యలు రారు, పిల్లలు రారు. ఎక్కడికెళ్ళాలన్నది ఏటా ఒకరి వంతు. మిగతా ఇద్దరూ చేరేదాకా అడగకూడదు. నా వంతు వచ్చినప్పుడు కూడా పెద్దన్నయ్య చోటు పేరు చెప్పనిచ్చేవాడు కాదు. "మలుపులు చెప్పు చాలు, ఊరు చెప్పకు" అనేవాడు. వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదన్నది ఆయన పెట్టిన షరతే.

ఈ ఏడు వంతు ఆయనది. ఊరు దాటి, ఇటుక బట్టీల పక్కనుంచి, రైలు వంతెన కిందుగా పోతున్నాం. ఈ దారి నాకు తెలిసిందే. తమ్ముడు వెనకనుంచి తల ముందుకు పెట్టాడు.

"పెద్దన్నయ్యా, ఇటు చెరువు డ్యాముకి కదూ పోయేది? మనం వెళ్ళాం కదా!"

"వెళ్ళామా? అప్పుడు వాన. ఏం చూశావు నువ్వు? కారులో కూర్చుని నిమ్మకాయ చూశావు."

"షరతు నువ్వే పెట్టావు."

"నేను పెట్టాను, నేనే తీసేశాను. నోరు మూసుకుని కూర్చో."

ఎప్పుడూ కొత్త దారంటే చిన్నపిల్లాడిలా సంబరపడే మనిషి పాత దారి పట్టాడు. ఆయన చేతుల వంక చూశాను. మలుపు కనపడకముందే చక్రం తిరుగుతోంది. గతుకు రాకముందే కాలు బ్రేకు మీదికి పోతోంది. ఇది ఆయన బస్సు నడిపిన పాత రూటు. కళ్ళతో కాదు, జ్ఞాపకంతో నడుపుతున్నాడు. అది అర్థమయ్యాక ఆయన చూడని పక్కంతా నేనే చూడటం మొదలుపెట్టాను. మెడ పట్టేసింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను.

"అన్నయ్యా..."

"ఊఁ?"

"ఎండ బాగా ఉంది."

వెనకనుంచి తమ్ముడి మోకాలు నా సీటును గట్టిగా పొడిచింది.

అప్పుడే పక్కసందులోంచి ఒక సైకిలు వచ్చింది. పెయింటరు, సైకిలుకి నిచ్చెన కట్టుకుని, రెండు వైపులా రంగు డబ్బాలు తగిలించుకుని రోడ్డెక్కుతున్నాడు. నాకు నిలువునా కనిపిస్తున్నాడు. పెద్దన్నయ్య వేగం తగ్గించలేదు.

"అన్నయ్యా, ఆపు!"

ఆపాడు. టైర్లు కీచుమన్నాయి. నిచ్చెన కొస బానెట్ మీద టక్కున తగిలింది. పెయింటరు ఒక కాలు మీద గెంతుకుంటూ సైకిలుతో సహా పక్కకి పడ్డాడు. నేను తలుపు తీసుకుని పరిగెత్తాను. మనిషికి మోచెయ్యి మాత్రం గీరుకుంది. డబ్బాల మూతలు గట్టిగా బిగించి ఉన్నాయి, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఆ మూతలకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

"కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా పెద్దాయనా?" అని అరిచాడు అతను.

ఇంకెప్పుడైనా అయితే పెద్దన్నయ్య కారు దిగి, అతని తాతల దగ్గర్నుంచి లెక్క తీసేవాడు. ఇప్పుడు చక్రం మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తమ్ముడు సైకిలు లేపాడు, నేను నా సీసాలో నీళ్ళతో అతని మోచెయ్యి కడిగాను. రెండుసార్లు నింపిన సీసా ఇందుకు పనికొచ్చింది. అతను కాస్త చల్లబడి, "పోనీలెండి, చూసుకుని పోండి" అని వెళ్ళిపోయాడు.

"బెల్లు కొట్టొచ్చుగా వెధవ," అన్నాడు పెద్దన్నయ్య, కారు కదిలాక. మిగతా దారంతా ఎడ్లబండి కన్నా నెమ్మదిగా నడిపాడు.

డ్యాము గట్టు మీద దుప్పటి పరిచాం. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపళ్ళు, ఫ్లాస్కులో టీ. వదిన గుడ్లకి ఉప్పూ మిరియాలూ కలిపి పొట్లం కట్టి ఇచ్చింది. నీళ్ళు నిండుగా, కదలకుండా ఉన్నాయి.

"చూడరా, నీ నీళ్ళు," అన్నాడు పెద్దన్నయ్య. "ఇన్నాళ్ళు సీసాల్లో చూశావు. నాడి ఎలా ఉంది?"

"బాగానే ఉంది," అన్నాను. కూర్చోలేకపోతున్నాను. లేచి గట్టు అంచుదాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

"కాలు కాలిన పిల్లిలా ఏమిట్రా ఆ తిరుగుడు?"

తమ్ముడు టీ పోసిన కప్పు తెచ్చి, మాట్లాడకుండా పెద్దన్నయ్య పక్కగా చాపాడు. చెవి దగ్గరే ఉంది కప్పు. ఆవిరి కూడా ఆయన చెంపకి తగులుతూనే ఉండాలి. ఆయన నీళ్ళకేసి చూస్తూ, "టీ ఇస్తావా, ఫ్లాస్కుతో సహా నువ్వే తాగేస్తావా?" అన్నాడు. తమ్ముడు కప్పు అలాగే పట్టుకుని నావైపు చూశాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను కప్పు అందుకుని, ఆయన ఎదురుగా వచ్చి, చేతికిచ్చాను.

ఇక ఆగలేకపోయాను. "అన్నయ్యా, ఇకనుంచి ఆదివారం నువ్వు రావద్దు. నేనే వస్తాను," అన్నాను.

"ఏం? మా ఇంట్లో టీ బాగుంటుందా?"

"నువ్వు బండి తియ్యొద్దు."

ఆయన టీ ఊదుకోవడం ఆపాడు. "చిన్నోడు చెప్పమన్నాడా?"

"చెప్పమన్నాడు. కానీ పొద్దున్నుంచి నేను చూస్తున్నాను. చెబుతున్నది నేనే."

"నువ్వా? జీవితంలో చక్రం పట్టుకున్నావట్రా నువ్వు? పెళ్ళాం స్కూటరు తోలితే వెనక కూర్చున్నవాడివి!"

"కూర్చున్నాను. హాయిగా ఉండేది," అన్నాను.

ఆయన కప్పు గడ్డిమీద పెట్టి లేచాడు. గట్టు దిగి, కారు నిలిపిన చెట్లవైపు నడిచాడు. మేమిద్దరం నిలబడి చూస్తున్నాం. కారెక్కాడు. ఇంజిను మోగింది.

"వెళ్ళిపోతాడా?" అన్నాడు తమ్ముడు. "ఆపు చిన్నన్నయ్యా, ఒక్కడే పోతాడు!"

నా కాళ్ళు కదల్లేదు. కారు కూడా కదల్లేదు. ఇంజిను అలాగే తిరుగుతోంది. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని పిసుకుతున్నాడు, చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే పట్టుకున్నట్టు. ఎంతసేపలా నిలబడ్డామో తెలియదు. చివరికి ఇంజిను ఆగింది. రెండుసార్లు హారన్ మోగింది.

దుప్పటి చుట్టుకుని, ఫ్లాస్కు పట్టుకుని పరిగెత్తాం. వెళ్ళేసరికి డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. పెద్దన్నయ్య వెనక సీటులో, పొడుగాటి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మడుచుకుని కూర్చున్నాడు. చేతిలో తమ్ముడి నిమ్మకాయ ఉంది.

"ఎక్కరా చిన్నోడా. నడుపు," అన్నాడు. "కుదిపావంటే చూడు."

తమ్ముడు అద్దం సర్దుకోవడానికే చాలాసేపు తీసుకున్నాడు. వాడికి నడపడం వచ్చు గానీ, పెద్దన్నయ్య కారులో ఎప్పుడూ చక్రం పట్టలేదు. కారు ఒక్క ఎగురు ఎగిరి ఆగింది.

"క్లచ్చు! అది తొక్కేది, తన్నేది కాదు!"

"తెలుసు పెద్దన్నయ్యా."

"తెలిసి తంతున్నావా?"

రోడ్డెక్కాక కాస్త నెమ్మదించాం. పెయింటరు పడిన మలుపు దాటాక పెద్దన్నయ్య తనంతట తనే మొదలుపెట్టాడు. "పక్కనుంచి ఎవరో పరదా లాగుతున్నట్టు ఉంటుందిరా. నొప్పీ పాడూ ఏం లేదు. డాక్టరు చుక్కలు రాశాడు. వేసుకుంటే ఉన్నది నిలుస్తుందిట, పోయింది రాదుట."

"వేసుకుంటున్నావా?" అన్నాడు తమ్ముడు.

"ముందు చూడరా, ముందు! లారీ వస్తోంది!"

"నా దగ్గరికి ఎందుకు రాలేదు?"

"నీ దగ్గరికొస్తే నీకు తెలిసిపోతుంది. నీకు తెలిస్తే వీడికి తెలుస్తుంది. నేను బండి మానేస్తే ఆదివారం వీణ్ణి ఎవడు లేపుతాడు? హారన్ కొడితేగానీ పక్క దిగడు వెధవ."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. నేను ఎప్పుడో మేలుకుని పడుకుంటానని ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదు, అప్పుడూ చెప్పలేదు.

తర్వాతి ఆదివారం అలవాటుగా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. వీధిలో హారన్ లేదు. గోడ గడియారం చప్పుడు ఎప్పుడూ లేనంత గట్టిగా వినిపించింది. పక్క మీద ఒత్తిగిలి పడుకున్నాను, లేచాను, దుప్పటి మడత పెట్టి మళ్ళీ విప్పాను. వస్తానన్నది నేనే కదా, ఎందుకీ ఆలస్యం అని నన్ను నేనే కసురుకుని, మొహం కడుక్కుని మొదటి బస్సెక్కాను.

వదిన తలుపు తీసి, నన్ను చూసి నోటిమీద చెయ్యేసుకుంది.

"నువ్విక్కడున్నావేంటయ్యా? మీ అన్నయ్య నీ దగ్గరికే బయల్దేరాడు!"

"ఎలా?"

"బస్సులో. డ్రైవరు వెనక సీటులో కూర్చుని వెళ్తానన్నాడు. ఆ డ్రైవరు గతేమిటో."

ఆవిడ మాట ఇంకా పూర్తవనేలేదు, నా జేబులో ఫోను మోగింది. ఎవరో అర్థమై వదిన నవ్వు ఆపుకుంటోంది; తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఎక్కడ చచ్చావురా?" అని అరిచాడు పెద్దన్నయ్య. వెనక మా వీధి కుక్క మొరుగుతోంది. "నీ గుమ్మంలో నిలబడ్డాను. తలుపు బాది బాది చెయ్యి పోతోంది. పక్కింటివాళ్ళు కూడా లేచారు, నువ్వు లేవవు!"

"లేచానన్నయ్యా," అన్నాను. "చాలాసేపైంది లేచి. మీ ఇంట్లోనే ఉన్నాను."

"కదలకు. నేనే వస్తాను," అన్నాడు.

"నువ్వు కదలకు. తాళం నా దగ్గరుంది."

"టీ తాగి రా అయితే," అన్నాడు గొంతు తగ్గించి. "వదినని రెండు గుడ్లు ఉడకేసి ఇమ్మను. నేను మీ మెట్ల మీద కూర్చుంటాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది, ఇక్కడికి వినిపిస్తోంది."

టీ సగం తాగి లేచాను. వదిన వేడివేడి గుడ్లు గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. బస్టాపు దాకా నడిచే ఓపిక లేక పరిగెత్తాను.