ముసలి కుక్క అంగీకారం

ఇంటికి రెండో కుక్క కావాలో వద్దో మొదటిదాన్నే అడుగుదామని, కొడుకు ఒక కుక్కపిల్లను బుట్టలో తెచ్చి, హాల్లో నిద్రపోతున్న ముసలి కుక్క వెనకాల దించాడు. పిల్ల ఇల్లెగిరిపోయేలా అరిచింది. ముసలిది కదల్లేదు.

“చూశావా నాన్నా, విసుక్కోనైనా లేదు! ఒప్పుకున్నట్టే.” అన్నాడు కొడుకు. కోడలు చప్పట్లు కొట్టింది.

తండ్రి రిటైరైన సైన్సు మాస్టారు. ఒక్క పరిశీలనతో సిద్ధాంతం కట్టేసే ఈ తెలివితేటలు కొడుక్కి ఎవరి నుంచి సంక్రమించాయో ఆయనకు అంతుపట్టలేదు. వంటింట్లోంచి రెండు గిన్నె మూతలు తెచ్చారు. నేలకు తగిలితే అదురు తెలుస్తుందని, గాలిలోనే ముసలిదాని చెవి వెనకాల ఠంగుమని మోగించారు. కొడుకు ఉలిక్కిపడ్డాడు, కోడలు కెవ్వుమంది. ముసలిది గురక మానలేదు.

“దీనికి చెవుడొచ్చి ఏడాదైంది. పిలిస్తే రాకపోతే పొగరన్నారు మీరు. ఉన్నదాని మొహం చూసే తీరిక లేదు గానీ, ఇంకోటి కావాలా?”

కోడలు కాసేపు ఆలోచించింది. “అయితే మరీ మంచిది కదా మామయ్యా! పిల్ల ఎంత గోల చేసినా దీనికి ఇబ్బందుండదు.”

మాస్టారు పిల్లతో సహా బుట్ట ఎత్తి కొడుకు చేతుల్లో పెట్టి, వీధి తలుపు బార్లా తెరిచారు.