తల్లి ఫైల్

గ్రూప్స్ చదువుదామని జనగామ దిక్కు నుంచి అశోక్‌నగర్ వచ్చిన మహిత, మూడేండ్లు హాస్టల్ గదిలో నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసి విసిగిపోయింది. నాలుగో ఏడు పుస్తకాలన్నీ పక్క మంచం అమ్మాయికి ఇచ్చేసి, నారాయణగూడలో బాలకిషన్ సార్ దగ్గర సర్వర్ల కోర్సులో చేరింది. సాధన చేయడానికి కంప్యూటర్ లేదు. చిక్కడపల్లిలో కమల పెద్దమ్మ ఇంట్లో ఒకటి ఉంది. అది పెద్దమ్మ కొడుకు అభిజిత్‌ది. ఇంజనీరింగ్ అయ్యాక అతనూ అదే సార్ దగ్గర అదే కోర్సులో చేరి, రెండు నెలలకే మానేశాడు.

"నేను లేచేదాక వాడుకో చెల్లె," అన్నాడు. అతను లేచేది పదింటికి.

మహిత ఆరింటికల్లా వచ్చి కూర్చునేది. కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను సృష్టించి, దాని మీద పని నేర్చుకోవాలి. వర్చువల్ మెషీన్ అంటారు. ఆ లోపలి కంప్యూటర్ హార్డ్ డిస్క్ అంతా బయటికి ఒకే ఒక పెద్ద ఫైల్‌లా కనిపిస్తుంది. ఒక ఆఫీసు నడవడానికి కావలసినవన్నీ ఆ ఫైల్లో ఐదు నెలల పాటు ఒక్కొక్కటే పేర్చుకుంటూ వచ్చింది.

ఒకరోజు అభిజిత్ ఏదో కాగితం కోసం సార్ దగ్గరికి వస్తే, సార్ క్లాసు ముందే అన్నాడు: "నీ కంప్యూటర్ మీదనే మీ చెల్లె ఎంత పని జేసిందో చూసినవా? నువ్వేం జేసినవ్ దాని మీద?" పిల్లలు నవ్వారు. అభిజిత్ కూడా నవ్వాడు. తిరిగి వస్తూ దారిలో మహితకు చాయ్ తాగించాడు.

హైదర్‌గూడలో ఒక ఆఫీసువాళ్లు బుధవారం ఇంటర్వ్యూకు పిలిచారు. చేసిన పని తెచ్చి, నడిపి చూపించాలి. సరిగ్గా దానికి ముందు ఆదివారం పొద్దున మెషీన్ మధ్యలో ఆగిపోయింది. బయటి కంప్యూటర్ డిస్క్‌లో జాగా లేదట. మహిత పరేషాన్ అయి అభిజిత్‌ను లేపింది.

అతను కళ్లు నులుముకుంటూ వచ్చి మెషీన్‌ను ఆపి, ఫోల్డర్ తెరిచాడు. రెండు ఫైళ్లున్నాయి. ఒకటి నలభై రెండు జీబీ, పాత తేదీది. ఇంకోటి ఆరు జీబీ, నిన్నటిది.

"గిది మార్చి నెలది. గిది నిన్నటిది. కొత్తది ఉండంగ పాతదెందుకు? తీసెయ్."

"ఏం కాదా అన్నా?"

"నమ్మకం లేకుంటే తియ్యకు. నా జబర్దస్తీ ఏం లేదు."

ఆ మాటకు ఆమెకే సిగ్గేసింది. తీసేసింది. రీసైకిల్ బిన్‌లో ఉంటే జాగా రాదని అతనే అంటే, అందులోంచి కూడా తీసేసింది. మెషీన్‌ను మళ్లీ మొదలుపెట్టింది. తల్లి ఫైల్ దొరకడం లేదని తెర మీద ఎర్రగా వచ్చింది.

మార్చిలో పనిని అప్పటికున్నట్టు భద్రపరిచి స్నాప్‌షాట్ తీసినప్పుడు ఆ ఒక్క ఫైల్ రెండయింది; రెండో ఫైల్‌లో ఉన్నవి ఆ తర్వాతి మార్పులు మాత్రమే. పనంతా మొదటిదాని మీదే నిలబడి ఉంది. ఆ సంగతి ఇదే కోర్సులో నెల తిరగకముందే చెప్తారు. మహిత కూడా విన్నదే. కంగారులో గుర్తుకు రాలేదు.

"అయ్యో, గది తల్లి ఫైల్ గదా," అన్నాడు అభిజిత్ నెమ్మదిగా. "జర చూసుకోవద్దా?"

ఆమె బాల్కనీలోకి పరుగెత్తి సార్‌కు ఫోన్ చేసింది.

"ఏడ్వకు. ఫైల్ పేరే పోయింది, లోపలి సరుకు డిస్క్ మీద ఇంక ఉంటది," అన్నాడు సార్. "దాని మీద కొత్తగ ఏదీ వెయ్యొద్దు. కంప్యూటర్ బంద్ జేసి, డిస్క్ ఊడదీస్కొని రా. తీద్దాం."

"కొత్తగ ఏదీ వెయ్యొద్దు, బంద్ జెయ్యాలె. అంతేనా సార్?" అని మహిత గట్టిగా తిరిగి అడిగింది. బాల్కనీ కిటికీ అభిజిత్ వీపు వెనకే ఉంది.

లోపలికి వచ్చేసరికి అతను పెన్‌డ్రైవ్ పెట్టి, అందులోని సినిమాలు కంప్యూటర్‌లోకి కాపీ చేస్తున్నాడు. ఆకుపచ్చ గీత సగం దాటింది.

"అన్నా, ఆపు. సార్ వెయ్యొద్దన్నడు."

"విన్న," అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఎన్నిరోజులకో జాగా దొరికింది. నా కంప్యూటరే కద."

అప్పుడు అర్థమైంది ఆమెకు. చేయి స్విచ్ దాకా పోయింది. "ఏయ్, దాని ముట్టకు," అంటూ పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఐదు నెలలుగా పొద్దున పూట తిన్న ఆ ఇంటి ఉప్మా గుర్తొచ్చింది. చేయి వెనక్కి తీసుకుంది. ఒక్క నొక్కు నొక్కి ఉంటే సగమన్నా మిగిలేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

సార్ డిస్క్ తెచ్చిస్తే చూస్తానన్నాడు. అభిజిత్ ఇవ్వనన్నాడు. సాయంత్రానికి ఇద్దామన్నా అందులో మిగిలిందేమీ లేదు.

బుధవారం నాడు నోట్‌బుక్ ఒక్కటి పట్టుకుని హైదర్‌గూడ పోయింది. జరిగింది చెప్పింది. ఎదురుగా కూర్చున్నావిడ ఓపిగ్గా విని, "ఇంకో కాపీ ఎక్కడుంది?" అని అడిగింది. లేదంది. "సర్వర్లు చూసుకునే పనికొచ్చి కాపీ లేదంటే ఎట్లమ్మా?" అని, తర్వాతి మనిషిని పిలిచింది.

ఆ రోజే ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అక్క చెప్పింది. అన్న కంప్యూటర్ ఖరాబ్ జేసినవంట. పోయి తప్పయిందని చెప్పు. రేపు మనకు ఆసరా వాళ్లే."

మహిత చిక్కడపల్లి పోయింది. అభిజిత్ ఒక్కడే హాల్లో ఉన్నాడు.

"నీకు ముందే తెలుసు కద అన్నా."

"తెలుసు."

"మరెందుకు తియ్యమన్నవ్?"

"నువ్వడిగినవ్, నేను చెప్పిన. తీసింది నువ్వు." నవ్వలేదు, కోపమూ పడలేదు. "ఇంటర్వ్యూ ఎట్లయింది?"

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది, వినడానికి.

"తప్పయింది పెద్దమ్మా," అంది మహిత.

"ఇప్పటికన్న బుద్ధిగుండు," అని పెద్దమ్మ కుర్చీ చూపించింది. మహిత కూర్చోలేదు. మెట్లు దిగుతుంటే పైనుంచి అభిజిత్ గొంతు మెత్తగా వినిపించింది: "పోనీ తియ్యమ్మా, చిన్నపిల్ల."