పిన్నిగారి కిటికీ

దేవుడు గాలిని అందరికీ సమానంగానే పంచుతాడని మేస్త్రి నమ్మకం. అలాంటప్పుడు పక్కింటి పిన్నిగారి వాటా ఎటు పోతోందన్నది ఇరవై ఏళ్ళుగా అతన్ని తొలుస్తున్న అనుమానం. పొద్దున దండం పెట్టుకునేటప్పుడు కూడా గోడకవతల ఆవిడ విసనకర్ర చప్పుడు వినబడుతూనే ఉంటుంది.

ఆ ఇల్లు కట్టింది తనే. "వీధి వైపు ఓ కిటికీ పెట్టు నాయనా" అని ఆవిడ ఆ రోజే అడిగింది.

"ప్లానులో లేదు పిన్నీ. తర్వాత పెడతాలే" అన్నాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా రాలేదు.

ఇప్పుడు మేస్త్రి ఆర్కిటెక్చర్ కాలేజీలో పిల్లలకు ఇటుక పేర్చడం నేర్పుతున్నాడు. చలిదేశపు కాలేజీ నుంచి ఒక ప్రొఫెసరమ్మ, పన్నెండు మంది విద్యార్థులు వచ్చారు. ఇక్కడి పిల్లలతో నెల రోజులు కూర్చుని, మేస్త్రి ఉండే వీధికే కొత్త ఇళ్ళు గీశారు. పర్యావరణానికి మేలు చేసే వీధి అట. అందులో ఒక గదిని అసలు కొలతలతో ఆవరణలో కట్టి చూపిస్తే, నగరపాలక సంస్థ వాళ్ళు సంతకం పెట్టేస్తారు.

అట్టతో చేసిన నమూనా చూడగానే మేస్త్రి చేతిలో తాపీ ఆగిపోయింది. మందపు గోడలు, చీమ దూరే సందు లేదు. పడమటికి మాత్రం నిలువెత్తు అద్దం. ఎండకు మొహం వాచినవాళ్ళు గీసుకునే ఇల్లు!

"ఏమయ్యా, ఇంకా దండకాలు పూర్తి కాలేదా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఇది కట్టను సార్."

"గీసిందెవరనుకున్నావ్? ప్లానులో ఉన్నది కట్టడమే నీ పని."

"ఒకసారి అలాగే కట్టాను. ఇంక కట్టను."

జేబులోంచి పొద్దుటి పూజలో మిగిలిన అగరుబత్తి తీసి, వెలిగించి, అట్ట ఇంట్లో నిలబెట్టాడు. పొగ దారి దొరక్క లోపలే సుడి తిరిగింది.

"చూడండి. పొగే బయటపడలేకపోతోంది. మా ఆవిడ ఇందులో వంట చెయ్యాలి!"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ మొహం కందగడ్డ అయింది. "గాలి గురించి మాకే పాఠాలా? మీ వీధిలో ఆ కొట్టుగదుల్లాంటి ఇళ్ళు కట్టిందెవరో!"

మేస్త్రి తల దించలేదు.

"నేనే సార్. అందుకే చెబుతున్నా."

ప్రొఫెసరమ్మ ఒక విద్యార్థిని చేత ప్రతి మాటా చెప్పించుకుని వింది. పెన్సిలు తీసి అద్దం మీద అడ్డంగా గీత కొట్టింది. "మా ఊరి ఎండకు గీశాం, తప్పు మాదే. ఇప్పుడప్పుడే సంతకాలు వద్దు" అని ఆ పిల్ల చేతే చెప్పించి, కిటికీలు ఎక్కడ ఉండాలో మేస్త్రినే అడిగింది. గాలి వచ్చే వైపు ఒకటి, దానికెదురుగా కాస్త ఎత్తులో ఒకటి, సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. రేపు పనిలోకి రావాలో వద్దో ప్రిన్సిపాల్ చెప్పలేదు. మేస్త్రీ అడగలేదు.

సాయంత్రం ఉలి, సుత్తి పట్టుకుని నేరుగా పక్కింటికే వెళ్ళాడు.

"ఏమిట్రా, ఇల్లు కూలుస్తావా?" అంది పిన్నిగారు.

"కిటికీ పెడతా పిన్నీ."

"ప్లానులోకి ఎక్కిందా?"

"ప్లానుతో పనేముంది? మంచం అటు జరుపు."

ఆరో ఇటుక ఊడేసరికి ఆవిడ విసనకర్ర పక్కన పెట్టింది.