ధనలక్ష్మికి తగ్గిన మార్కులు

"బండి తాళం ఎక్కడెట్టీసినావే?" అని నరసింగరావు అరుస్తుంటే కుసుమకుమారి పొయ్యి మీద పోపు వదిలేసి ఇల్లంతా వెతికింది. ఆమె తాళం ముట్టుకోనే లేదు. అయినా అలవాటు కొద్దీ "నాదే తప్పు, ఎక్కడో పెట్టేసుంటాను" అంది. తాళం అతని చొక్కా జేబులోనే దొరికింది. అతను బండెక్కి వెళ్లిపోయాడు. పోపు మాడినందుకు అత్తగారి చేత మాటలు పడింది మాత్రం ఆమే.

అరసవల్లి హైస్కూల్లో ఆమె తెలుగు టీచరు. ఆ మధ్యాహ్నం లెక్కల టీచరు ఝాన్సీ భర్త యుగంధర్ క్యారేజీ పట్టుకుని స్టాఫ్ రూమ్ గుమ్మం దాకా వచ్చాడు.

"తప్పు నాదే ఝాన్సీ. సర్దీసి, నీ సంచీలో ఎట్టడం మరిసిపోనాను" అన్నాడు, అందరి ముందూ.

ఝాన్సీ ఆ మాట పట్టించుకోను కూడా లేదు. మూత తీసి కూర వాసన చూసింది. కుసుమకుమారి చేతిలోని పుస్తకం టప్పున మూసేసింది. ఒకరి చీరలకీ నగలకీ తనెప్పుడూ కుళ్లుకోలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక్కసారైనా తన చెవిన పడని మాట, ఈ పిల్లకి ఇంత తేలిగ్గా దొరుకుతోందా!

గంట తర్వాత వక్తృత్వ పోటీ. మార్కులు వేసేది తనే. ఝాన్సీ క్లాసు పిల్ల ధనలక్ష్మి అందరికన్నా బాగా మాట్లాడింది. అది తెలిసే కుసుమకుమారి ఆ పిల్లకి రెండు మార్కులు తగ్గించి, మండల పోటీకి తన క్లాసు ధర్మేంద్ర పేరు చదివింది. ఝాన్సీ మొహం వాడిపోతే ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది.

మర్నాడు "తప్పు చేస్తే లేచి చెప్పండి, నేను కొట్టను" అని ఎప్పట్లాగే క్లాసులో చెప్పి బయటికొస్తే, వరండాలో ధనలక్ష్మి నిలబడి ఉంది.

"టీచర్, నాను ఎక్కడ తప్పు సెప్పీసినానో సెప్పండి. దిద్దుకుంటాను."

చెయ్యని తప్పు కోసం వెతుక్కుంటున్న ఆ కళ్లు కుసుమకుమారికి బాగా తెలిసిన కళ్లే.

"నీ తప్పేం లేదే అమ్మా. నాదే" అంది.

మరుసటి ఉదయం ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ అదే మాట చెప్పి, ఫలితం మార్చింది. తలొంచుకున్న ధర్మేంద్రని కూడా తనని క్షమించమని అడిగింది. ఝాన్సీ ఆమెని పక్కకి తీసుకెళ్లి అడిగింది. "ఎందుకలా చేసినారు మేడమ్?"

"నీ మీద కుళ్లు" అంది కుసుమకుమారి.

ఆ కబురు సాయంత్రానికే ఇంటికి చేరింది. "నలుగురిలో తప్పు ఒప్పుకోడానికి సిగ్గునేదేటే నీకు?" అన్నాడు నరసింగరావు.

"లేదండీ" అంది, చీపురు పక్కన పెట్టి. "నేను చేసిన తప్పు నాదని చెప్పుకోవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ నావని ఒప్పుకున్నవన్నీ మీవే."